కీబోర్డు మెట్ల మీద సరిగమలు: ఉచిత ఆన్‌లైన్ సాధనాలతో పాశ్చాత్య సంగీత సిద్ధాంతం

పాశ్చాత్య సంగీత సిద్ధాంతాన్ని ఉచితంగా నేర్పే వెబ్‌సైట్లకు నేడు కొదవ లేదు. కొరవడినదల్లా ఏది ముందు నేర్చుకోవాలి, ఏది వెనక అన్న క్రమమే. చాలా సైట్లు ఐదు గీతల స్టాఫ్‌తో, దాని మొదట్లో ఉండి ఏ గీత ఏ స్వరమో చెప్పే క్లెఫ్ గుర్తుతో పాఠం మొదలుపెడతాయి. నేర్చుకునేవారు గీతల మీది అక్షరాలను కంఠతా పట్టి, కీ సిగ్నేచర్ల (ఏ స్వరాలను పెంచాలో, ఏవి దించాలో స్టాఫ్ మొదట్లో చూపే గుర్తుల) పట్టిక దగ్గరకు వచ్చేసరికి విసిగి మానుకుంటారు. చెవికి ఇంకా పరిచయం కాని స్వరాలకు కంటితో పేర్లు పెట్టవలసి రావడమే ఇందుకు ప్రధాన కారణమని నా అభిప్రాయం. అందువల్ల ఇక్కడ సూచిస్తున్న క్రమం దానికి తలకిందులుగా ఉంటుంది: ముందు గొంతుతో పాడి, మెట్ల మీద వెతికి, చెవితో గుర్తుపట్టి, ఆ తరువాతే కాగితం మీది గుర్తుల జోలికి వెళ్లాలి.

ఈ దారిలో తెలుగువారికి ఒక సౌలభ్యం ఉంది. చిన్నప్పుడు కొన్నాళ్లపాటైనా సరళీ వరుసలు పాడినవారికీ, పాడకపోయినా టీవీలో పాటల పోటీలు చూసి శ్రుతి, తాళం, పై స్థాయి వంటి మాటలు చెవిన వేసుకున్నవారికీ పాశ్చాత్య సిద్ధాంతంలోని తొలి పాఠాల సామగ్రి సగం చేతిలో ఉన్నట్టే. అయితే ఇంగ్లీషులో ఉన్న ఆ సైట్లు ఈ సంగతి చెప్పవు కనుక, మనకు తెలిసిన స్వరాలకూ అవి వాడే అక్షరాలకూ వంతెన మనమే వేసుకోవాలి.

కావలసిన సామగ్రి స్వల్పం. ఇంటర్నెట్ ఉన్న ఫోను చాలు. కంప్యూటర్ ఉంటే మరీ మంచిది. ప్లేస్టోర్‌లో ఉచితంగా దొరికే తంబురా యాప్ ఏదైనా ఒకటి, ఒక నోటు పుస్తకం, తీగ ఉన్న ఇయర్‌ఫోన్లు సిద్ధం చేసుకోవాలి. తీగ ఉన్నవే ఎందుకంటే, బ్లూటూత్ ఇయర్‌ఫోన్లకు ధ్వని కాస్త ఆలస్యంగా చేరుతుంది. పాట వినేటప్పుడు ఆ ఎడం తెలియదు గాని, తెరపై మెట్టు నొక్కి లయ సాధన చేసేటప్పుడు తాళం తప్పినట్టు అనిపించి, లోపం తమదేనని నేర్చుకునేవారు అనుకుంటారు. ఇక ఏ సైటైనా, యాపైనా మొదటి పాఠానికే బ్యాంకు కార్డు నంబరు అడిగితే దాన్ని మూసివేయండి. ప్రారంభ దశకు అవసరమైనదంతా రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతుంది.

పన్నెండు మెట్లు

గూగుల్ 2016లో విడుదల చేసిన క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్ అనే సైటులో చిన్న చిన్న ప్రయోగశాలలు చాలా ఉన్నాయి. ఖాతా తెరవనక్కర లేదు, చదవవలసిన ఇంగ్లీషు దాదాపు ఉండదు. అందులో షేర్డ్ పియానో అన్నదాన్ని తెరిస్తే తెర మీద కీబోర్డు వస్తుంది. హార్మోనియం చూసినవారికి ఇది కొత్త కాదు: ఒక స్థాయిలో ఏడు తెల్ల మెట్లు, ఐదు నల్ల మెట్లు, మొత్తం పన్నెండు. తెల్ల మెట్లకు సి, డి, ఇ, ఎఫ్, జి, ఎ, బి అన్న అక్షరాలు పేర్లు. నల్ల మెట్టుకు సొంత పేరు లేదు. ఎడమ పక్కనున్న అక్షరానికి షార్ప్ చేర్చి గాని, కుడి పక్కనున్న అక్షరానికి ఫ్లాట్ చేర్చి గాని పిలుస్తారు.

ఇక్కడే మొదటి చిక్కు వస్తుంది. ఆ అక్షరాలు స్థిరం. మన షడ్జమం చరం. సి అన్నది ప్రపంచంలో ఎక్కడైనా ఒకే ధ్వని, కాని 'స' ఎక్కడ పెట్టుకుంటే అక్కడ ఉంటుంది. కాబట్టి సి అంటే 'స' అని కంఠతా పట్టడం మంచిది కాదు. మన పాటకచేరీల్లో ఈ తేడాను దాటడానికి వాడుకలో ఉన్న పద్ధతి శ్రుతి సంఖ్యలే: ఒకటో శ్రుతి అంటే సి, రెండు అంటే డి, ఐదు అంటే జి, ఐదున్నర అంటే జి షార్ప్. మూడున్నర శ్రుతి, ఏడున్నర శ్రుతి అని ఎవరూ అనకపోవడానికి కారణం కీబోర్డు చూస్తే అర్థమవుతుంది. ఇ తరువాతా, బి తరువాతా నల్ల మెట్టు లేదు.

సాధన కోసం తాత్కాలికంగా సి మెట్టునే షడ్జమంగా పెట్టుకోండి. దాని పక్కనున్న నల్ల మెట్టు శుద్ధ రిషభం, తరువాతి తెల్ల మెట్టు చతుశ్రుతి రిషభం. ఆపైన వరుసగా సాధారణ గాంధారం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, ప్రతి మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, చతుశ్రుతి ధైవతం, కైశికి నిషాదం, కాకలి నిషాదం, చివరకు పై షడ్జమం. ఒక మెట్టు నుంచి, తెల్లదైనా నల్లదైనా, ఆనుకుని ఉన్న మరో మెట్టుకు గల దూరాన్ని సెమిటోన్ అంటారు. రెండు సెమిటోన్లు ఒక టోన్. పాశ్చాత్య సిద్ధాంతంలో స్కేళ్లు (స్వరాల వరుసలు), ఇంటర్వెల్స్, కార్డ్స్ అన్నీ ఈ దూరాల లెక్క మీదే నిలిచాయి గనుక, ఈ వరుసను నోటు పుస్తకంలో ఒక పేజీలో రాసుకుని ఎదురుగా పెట్టుకోవాలి.

ఇప్పుడు తెల్ల మెట్లను సి నుంచి పై సి వరకు వరుసగా నొక్కుతూ స్వరాలు పాడండి. వినపడేది 29వ మేళకర్త (ఏడు స్వరాల మూల రాగం) ధీరశంకరాభరణం. పాశ్చాత్యులు దాన్ని మేజర్ స్కేల్ అంటారు. దూరాలు సెమిటోన్లలో 2, 2, 1, 2, 2, 2, 1. ఇదే దూరాల వరుసను డి మీద మొదలుపెట్టి నొక్కితే గాంధారం దగ్గర తెల్ల మెట్టు ఎఫ్ పనికిరాదని, దాని పక్క నల్ల మెట్టు ఎఫ్ షార్ప్ కావాలని చెవే చెబుతుంది. నిషాదం దగ్గర సి షార్ప్ విషయంలోనూ అంతే. పోలిక కోసం మన తొలి పాఠాల రాగమైన మాయామాళవగౌళను కూడా వెతికి పట్టుకోండి: సి నుంచి దూరాలు 1, 3, 1, 2, 1, 3, 1. పూర్వార్ధమూ ఉత్తరార్ధమూ ఒకే అచ్చులో పోసినట్టు ఉండడం వేళ్లకు తెలుస్తుంది.

ఒకే నల్ల మెట్టుకు రెండు పేర్లు ఎందుకన్న ప్రశ్నకు చాలా పాఠాలు పొడిగా నియమం చెప్పి ఊరుకుంటాయి. సమాధానం మన మేళకర్త పద్ధతిలోనే ఉంది. స్వరస్థానాలు పన్నెండే అయినా స్వరాల పేర్లు పదహారు. చతుశ్రుతి రిషభమూ శుద్ధ గాంధారమూ ఒకే స్థానం. మేళంలో స, రి, గ, మ, ప, ద, ని ఒక్కొక్కటీ ఒక్కసారే రావాలి గనుక, అదే స్థానాన్ని ఒక మేళంలో రిషభమనీ, మరో మేళంలో గాంధారమనీ పిలవవలసి వచ్చింది. పాశ్చాత్య స్కేలులోనూ ఏడు అక్షరాలు ఒక్కొక్కటి ఒక్కసారే రావాలి. డి మేజర్ స్కేలులో ఇ ముందే వచ్చేసింది, జి తరువాత రావలసి ఉంది, కనుక వాటి మధ్యనున్న నల్ల మెట్టును జి ఫ్లాట్ అనకుండా ఎఫ్ షార్ప్ అనాలి.

నల్ల మెట్ల దగ్గర ఒక సాయంత్రం గడపడం మంచిది. ఎఫ్ షార్ప్‌ను షడ్జమం చేసుకుని ఐదు నల్ల మెట్లే వరుసగా నొక్కితే మోహన పలుకుతుంది. అవే ఐదు మెట్లను జి షార్ప్ షడ్జమంగా మొదలుపెడితే మధ్యమావతి, ఎ షార్ప్ నుంచి హిందోళం, సి షార్ప్ నుంచి శుద్ధసావేరి, డి షార్ప్ నుంచి శుద్ధధన్యాసి వస్తాయి. ప్రతిసారీ తంబురా యాప్‌లో ఆధార శ్రుతిని కొత్త షడ్జమానికి మార్చుకోవడం తప్పనిసరి. శ్రుతి మార్చకుండా మెట్లు మాత్రమే మారిస్తే చెవి పాత షడ్జమాన్నే పట్టుకుని వేలాడుతుంది, మోహన తప్ప మరేదీ వినపడదు. గ్రహభేదం అని మనవారు పిలిచే ఈ ప్రక్రియను ఇలా వేళ్లతో చూసినవారికి తరువాత వచ్చే మోడ్స్ (ఒకే స్వరాలను వేర్వేరు షడ్జమాల నుంచి మొదలుపెడితే వచ్చే స్కేళ్లు) పాఠం కష్టం కాదు.

లయకు ఆరు గడులు

క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోనే సాంగ్ మేకర్ అన్న మరో పరికరం ఉంది. అడ్డంగా కాలం, నిలువుగా స్వరస్థాయి ఉండే గడుల పలక అది. గడిని తాకితే రంగు నిండుతుంది, ప్లే నొక్కితే మోగుతుంది. అడుగున తాళవాద్యాలకు వేరే రెండు వరుసలు ఉంటాయి. సెట్టింగులలో బార్‌కు ఎన్ని బీట్లు ఉండాలో, ఒక్కో బీటును ఎన్ని భాగాలు చేయాలో మార్చుకోవచ్చు. బార్ అంటే ఒక చిన్న ఆవర్తనం అనుకోవచ్చు. బీట్ అంటే మనం చేతితో వేసే దెబ్బ.

బార్‌కు మూడు బీట్లు, బీటుకు రెండు భాగాలు పెట్టండి. ఆరు గడులు వస్తాయి. ప్రతి బీటు మొదటి గడిలో తాళవాద్యపు దెబ్బ పెట్టి, పై వరుసల్లో ఆరు గడులూ ఒకే స్వరంతో నింపి వినండి. తరువాత సెట్టింగులు మార్చి బార్‌కు రెండు బీట్లు, బీటుకు మూడు భాగాలు చేసి, అదే పని మళ్లీ చేయండి. గడులు అప్పుడూ ఆరే. కాని మొదటిది ఒకటి-రెండు, ఒకటి-రెండు, ఒకటి-రెండు అని నడిస్తే, రెండోది తకిట తకిట అని ఊగుతుంది. టైమ్ సిగ్నేచర్ పాఠంలో పైన మూడు, కింద నాలుగు రాసి ఉండేది మొదటి నడక. పైన ఆరు, కింద ఎనిమిది రాసి ఉండేది రెండోది. లెక్కకు సమానమైన ఈ రెండింటికీ భిన్నమైన గుర్తులు ఎందుకో పుస్తకంలో పేజీలకొద్దీ చదివినా తేలనిది ఇక్కడ రెండు నిమిషాల్లో తేలిపోతుంది.

ఆ తరువాత ఆది తాళాన్ని అదే పలక మీద వేయండి: బార్‌కు నాలుగు బీట్ల చొప్పున రెండు బార్లు, మొదటి బార్ లఘువు, రెండో బార్ రెండు ద్రుతాలు. స్వరాల నిడివి పేర్లు ఈ దశలో నేర్చుకుంటే చాలు. సాధారణంగా ఒక్క బీటు నిలిచేది క్వార్టర్ నోట్, రెండు బీట్లు నిలిచేది హాఫ్ నోట్, నాలుగు బీట్లు నిలిచేది హోల్ నోట్, అర బీటు నిలిచేది ఎయిత్ నోట్. వేగాన్ని నిమిషానికి ఎన్ని బీట్లు అన్న లెక్కలో చెబుతారు. 60 అంటే సెకనుకు ఒకటి. గూగుల్ వెతుకుపెట్టెలో మెట్రోనోమ్ అన్న మాటను ఇంగ్లీషులో టైప్ చేస్తే మెట్రోనోమ్ అక్కడే తెరుచుకుంటుంది. 60 దగ్గర మొదలుపెట్టి మొదటి, రెండో, మూడో కాలాల్లో సరళీ వరుసలు పాడడం క్వార్టర్, ఎయిత్, సిక్స్‌టీంత్ నోట్లకు చక్కని సాధన.

బీట్లూ స్వరాలూ కలిసి పాటగా ఎలా మారతాయో చూడాలనుకునేవారు ఏబుల్టన్ సంస్థ నడుపుతున్న లెర్నింగ్ మ్యూజిక్ సైటును ఈ దశలో ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చేయవచ్చు. అది ఎలక్ట్రానిక్ సంగీతం చేసేవారిని ఉద్దేశించినది. రాత స్వరలిపి దాదాపు ఉండదు. అదే దాని గొప్ప, అదే దాని హద్దు.

కీ సిగ్నేచర్లను హరికాంభోజితో పట్టుకోవడం

మళ్లీ తెల్ల మెట్ల దగ్గరకు వెళ్దాం. నల్ల మెట్లతో చేసిన గ్రహభేదాన్ని తెల్ల మెట్లతో చేస్తే సి నుంచి శంకరాభరణం, డి నుంచి ఖరహరప్రియ, ఇ నుంచి హనుమతోడి, ఎఫ్ నుంచి మేచకల్యాణి, జి నుంచి హరికాంభోజి, ఎ నుంచి నఠభైరవి స్వరాలు వస్తాయి. పాశ్చాత్యుల వరుసలో వీటి పేర్లు అయోనియన్, డోరియన్, ఫ్రిజియన్, లిడియన్, మిక్సోలిడియన్, ఏయోలియన్. బి నుంచి మొదలుపెడితే పంచమం ఉండవలసిన చోట తెల్ల మెట్టు లేదు గనుక మనకు మేళం లేదు. వారు దానికి కూడా లోక్రియన్ అని పేరు పెట్టారు. ఏయోలియన్‌నే న్యాచురల్ మైనర్ స్కేల్ అంటారు. అందులో కైశికి నిషాదాన్ని కాకలి చేస్తే హార్మోనిక్ మైనర్, అంటే మన కీరవాణి.

ఇక కీ సిగ్నేచర్. తెల్ల మెట్లపై జి నుంచి వచ్చేది హరికాంభోజి అని చూశాం. దానికీ శంకరాభరణానికీ తేడా ఒక్క నిషాదమే. జి నుంచి శంకరాభరణం కావాలంటే కైశికి నిషాదాన్ని, అంటే ఎఫ్ మెట్టును, ఒక సెమిటోన్ పెంచి ఎఫ్ షార్ప్ చేయాలి. అందుకే జి మేజర్‌కు ఒక షార్ప్. ఇప్పుడు ఈ జి స్కేలు స్వరాలనే తీసుకుని, దాని పంచమమైన డి నుంచి మొదలుపెడితే మళ్లీ హరికాంభోజే వస్తుంది. మళ్లీ నిషాదాన్ని పెంచాలి, సి షార్ప్ చేరుతుంది, డి మేజర్‌కు రెండు షార్పులు అవుతాయి. పంచమానికి జరిగినప్పుడల్లా ఒక షార్ప్ ఎందుకు పెరుగుతుందో, కొత్తగా చేరే షార్ప్ ఎప్పుడూ నిషాదమే ఎందుకవుతుందో ఇక వేరే చెప్పనక్కర లేదు.

ఎదురు దిశలో మధ్యమానికి జరగాలి. ఎఫ్ నుంచి తెల్ల మెట్లు మేచకల్యాణి. దాన్ని శంకరాభరణం చేయడానికి ప్రతి మధ్యమాన్ని శుద్ధ మధ్యమంగా దించాలి, కనుక బి కాస్తా బి ఫ్లాట్ అవుతుంది. ఎఫ్ మేజర్‌కు ఒక ఫ్లాట్. సర్కిల్ ఆఫ్ ఫిఫ్త్స్ అన్న పేరుతో ప్రతి సైటులోనూ కనిపించే గుండ్రని పటంలో సవ్యదిశలో షార్పులు, అపసవ్యదిశలో ఫ్లాట్లు ఈ విధంగా ఏర్పడినవే. పటాన్ని డౌన్‌లోడ్ చేసుకుని గోడకు అతికించడం కంటే, ఖాళీ వృత్తం గీసి పై పద్ధతిలో సొంతంగా నింపడం మేలు. నింపిన తరువాత మ్యూజిక్‌థియరీ డాట్ నెట్‌లోని పాఠంతో సరిచూసుకోండి.

చెవికి పరీక్ష

రెండు స్వరాల మధ్య దూరం ఇంటర్వెల్. పాశ్చాత్య పేర్లు మొదట గజిబిజిగా కనిపిస్తాయి గాని, స్వరాల పక్కన రాసుకుంటే కుదురుతాయి. షడ్జమం నుంచి శుద్ధ రిషభం మైనర్ సెకండ్, చతుశ్రుతి రిషభం మేజర్ సెకండ్, సాధారణ గాంధారం మైనర్ థర్డ్, అంతర గాంధారం మేజర్ థర్డ్, శుద్ధ మధ్యమం పర్ఫెక్ట్ ఫోర్త్, పంచమం పర్ఫెక్ట్ ఫిఫ్త్, రెండు ధైవతాలు మైనర్, మేజర్ సిక్స్త్‌లు, రెండు నిషాదాలు మైనర్, మేజర్ సెవెంత్‌లు, పై షడ్జమం ఆక్టేవ్. ప్రతి మధ్యమాన్ని ఆగ్మెంటెడ్ ఫోర్త్ అనీ, ట్రైటోన్ అనీ అంటారు.

2000 నుంచి నడుస్తున్న మ్యూజిక్‌థియరీ డాట్ నెట్‌లో పాఠాలతో పాటు అభ్యాసాలు కూడా బ్రౌజర్‌లో ఉచితంగానే ఉన్నాయి. వాటిలో ఇంటర్వెల్ ఇయర్ ట్రైనింగ్ తెరిచి, సెట్టింగులలో అన్ని ఇంటర్వెల్స్‌నూ తీసేసి పర్ఫెక్ట్ ఫిఫ్త్, ఆక్టేవ్ మాత్రమే ఉంచండి. స్వరాలు రెండూ వినపడగానే బటన్ నొక్కకూడదు. మొదటి స్వరాన్ని 'స' అనుకుని పాడి, అక్కడి నుంచి సరిగమలు ఎక్కుతూ రెండో స్వరాన్ని చేరుకోవాలి. చేరుకున్నది 'ప' అయితే అప్పుడు ఫిఫ్త్ అని జవాబు ఇవ్వాలి. కొన్నాళ్లకు ఎక్కే మెట్లు అవసరం లేకుండానే పేరు తడుతుంది. అప్పుడు రెండు గాంధారాలు చేర్చండి, తరువాత మధ్యమం, ఆపైన తక్కినవి. ట్రైటోన్‌నూ సిక్స్త్‌లనూ చివరికి ఉంచుకోవడం మంచిది.

తెర మీద పెరిగే మార్కుల శాతం గురించి ఒక మాట. ఊహించి నొక్కినా కొన్నిసార్లు ఒప్పు అవుతుంది గనుక ఆ అంకె చెవి ఎదుగుదలను కచ్చితంగా చెప్పదు. పాడి జవాబిచ్చినవి పదే అయినా, పాడకుండా నొక్కిన వందకు సాటి. ఇదే సాధనను మరో గొంతుతో, మరో వరుసలో చేయాలంటే టియోరియా డాట్ కామ్ ఉంది. అక్కడ స్వరాలను విని రాసే డిక్టేషన్ అభ్యాసాలు ప్రత్యేకించి బాగుంటాయి, కాకపోతే అవి కాస్త ముదిరిన విద్యార్థికి తగినవి.

ఇప్పుడు స్టాఫ్

స్వరం చెవికి తెలిసి, దూరం పేరు తెలిసి, నిడివి తెలిసిన తరువాత స్టాఫ్ నేర్చుకోవడానికి పెద్దగా శ్రమ పడనక్కర లేదు. ఐదు గీతలు, వాటి మధ్య నాలుగు ఖాళీలు. ట్రెబుల్ క్లెఫ్‌లో కింది నుంచి గీతల మీద ఇ, జి, బి, డి, ఎఫ్. ఖాళీల్లో ఎఫ్, ఎ, సి, ఇ. గీతల కింద చిన్న అడ్డగీతపై కూర్చునేది మిడిల్ సి. మ్యూజిక్‌థియరీ డాట్ నెట్‌లోని నోట్ ఐడెంటిఫికేషన్ అభ్యాసంలో స్వరాల పరిధిని సెట్టింగులలో మిడిల్ సి నుంచి జి వరకు ఐదింటికే కుదించి మొదలుపెట్టి, అవి తడుముకోకుండా వచ్చాకే పరిధి పెంచండి. పాడేవారికి, గిటారు నేర్చేవారికి బేస్ క్లెఫ్ ప్రస్తుతం అక్కర లేదు.

చదవడం కంటే రాయడంతో ఈ లిపి త్వరగా పట్టుబడుతుంది. అందుకు కంప్యూటర్‌లో మ్యూజ్‌స్కోర్ స్టూడియో అన్న ఉచిత, ఓపెన్ సోర్స్ ప్రోగ్రామ్ వేసుకోండి. దాన్ని మ్యూజ్‌స్కోర్ డాట్ ఆర్గ్ నుంచి దించుకోవాలి; అదే పేరుతో డాట్ కామ్ అని ఉన్నది వేరు, అది స్వరలిపులు పంచుకునే సైటు, అక్కడ చాలావాటికి చందా కట్టాలి. ప్రోగ్రామ్ తెరిచి ఎన్ అక్షరం నొక్కితే స్వరాలు రాసే స్థితి వస్తుంది. 5 నొక్కితే క్వార్టర్ నోట్, 4 నొక్కితే ఎయిత్, 6 నొక్కితే హాఫ్. ఆపైన స్వరం అక్షరాన్ని నొక్కడమే. పై బాణం, కింది బాణం స్వరాన్ని ఒక్కో సెమిటోన్ జరుపుతాయి. రాసినదాన్ని వెంటనే వినిపిస్తుంది గనుక తప్పు దొరికిపోతుంది.

ఏం రాయాలన్నదానికి నా సలహా ముత్తుస్వామి దీక్షితుల నొట్టుస్వరాలు. 1775 నుంచి 1835 వరకు జీవించిన ఆయన, మద్రాసులో ఐరోపావారి బ్యాండు వాయించిన బాణీలను విని వాటికి సంస్కృత సాహిత్యం కూర్చారు. అవి శంకరాభరణంలో, గమకాలు (స్వరాన్ని ఊపి పలకడం) లేకుండా, చిన్నవిగా ఉంటాయి. పాశ్చాత్య లిపిలోంచి పుట్టిన బాణీని మన స్వరలిపిలోంచి తిరిగి ఆ లిపిలోకి తీసుకువెళ్లడం మంచి వ్యాయామం. అవి అయ్యాక మలహరి రాగంలోని తొలి పాఠాలైన పిళ్ళారి గీతాలకు రావచ్చు. మలహరిలోని శుద్ధ రిషభ, శుద్ధ ధైవతాలకు మేజర్ కీ సిగ్నేచర్ ఏదీ సరిపోక ఫ్లాట్ గుర్తులు పక్కన రాయవలసి రావడం అప్పుడు అనుభవానికి వస్తుంది.

కార్డ్స్

మన సంప్రదాయంలో లేని కొత్త సంగతి ఇక్కడ మొదలవుతుంది. రెండు స్వరాలు ఒకదాని తరువాత ఒకటి కాకుండా, మూడు స్వరాలు ఒకేసారి మోగడం కార్డ్. స్కేలులో ఒక స్వరం విడిచి ఒకటి తీసుకుంటే మూడింటి గుత్తి, ట్రయాడ్ వస్తుంది. 'స' నుంచి అంతర గాంధారం, పంచమం కలిపితే మేజర్ కార్డ్. గాంధారాన్ని సాధారణం చేస్తే మైనర్ కార్డ్. షడ్జమ పంచమాలు రెండింటిలోనూ ఒకటే, స్వభావమంతా గాంధారం చేతిలో ఉంది. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని కార్డ్స్ ప్రయోగంలో ఏ మెట్టు నొక్కినా దాని మీది మేజర్ లేదా మైనర్ కార్డ్ మోగుతుంది. మార్చి మార్చి విని, మధ్య స్వరాన్ని విడదీసి పాడడానికి ప్రయత్నించండి. మొదట్లో మధ్య స్వరం దొరకదు. కింది స్వరం, పై స్వరం పాడగలిగి మధ్యది పట్టుకోలేకపోవడం చాలామందికి జరిగేదే, తొందరపడనక్కర లేదు.

శంకరాభరణంలో ఇలా ఏడు కార్డ్స్ వస్తాయి. స-గ-ప, మ-ద-స, ప-ని-రి అన్న మూడూ మేజర్. రి-మ-ద, గ-ప-ని, ద-స-గ అన్న మూడూ మైనర్. ని-రి-మ ఒక్కటి డిమినిష్డ్, అంటే మైనర్ కార్డ్‌లో పై స్వరం కూడా ఒక సెమిటోన్ తగ్గినది. వీటిని రోమన్ అంకెలతో ఒకటి నుంచి ఏడు వరకు గుర్తిస్తారు. పెద్ద అక్షరాల అంకె మేజర్, చిన్న అక్షరాల అంకె మైనర్. ఒకటి, నాలుగు, ఐదు అన్న మూడింటిలో స్కేలులోని ఏడు స్వరాలూ వచ్చేశాయి గనుక ఎన్నో సరళమైన బాణీలకు ఆ మూడే తోడుగా సరిపోతాయి. ఐదో కార్డ్‌కు మధ్యమం కూడా చేర్చి ప-ని-రి-మ మోగించి, వెంటనే స-గ-ప మోగించండి: నిషాదం షడ్జమానికి, మధ్యమం గాంధారానికి జారి కుదుటపడతాయి. పాశ్చాత్య సంగీతంలో వాక్యాంతం ఇదే, కేడెన్స్ అంటారు.

సాంగ్ మేకర్‌లో నాలుగు బార్లు తీసుకుని, ఒక్కో బార్ మొదట్లో వరుసగా స-గ-ప, ద-స-గ, మ-ద-స, ప-ని-రి పెట్టి, వాటి పైన పొట్టి బాణీ ఒకటి అల్లండి. బలమైన దెబ్బ మీద ఆ కార్డ్‌లోని స్వరాన్నే ఉంచి, మిగిలిన చోట్ల ఏ స్వరమైనా వాడుకోండి. సేవ్ నొక్కితే లింకు వస్తుంది. దాన్ని వాట్సాప్‌లో పంపి తెలిసినవారి అభిప్రాయం అడగవచ్చు. సినిమా పాటల్లో ఈ జ్ఞానం ఎలా పనిచేస్తుందన్నదానికి ఇళయరాజా కంటే పెద్ద ఉదాహరణ మనకు అక్కర లేదు. మద్రాసులో ధన్‌రాజ్ మాస్టర్ దగ్గర ఆయన నేర్చుకున్నది కూడా ఈ స్టాఫ్, ఈ హార్మనీయే.

మెట్లకు అందనివి

పై సాధనాలన్నీ ఈక్వల్ టెంపరమెంట్ అనే శ్రుతి పద్ధతిలో పలుకుతాయి. స్థాయిని పన్నెండు సమాన భాగాలు చేసి, ఒక్కో మెట్టుకూ పౌనఃపున్యాన్ని సుమారు 1.0595 రెట్లు పెంచుకుంటూ పోవడం ఆ పద్ధతి. మిడిల్ సి పైన ఉన్న ఎ 440 హెర్ట్జ్. దీనిలో పంచమం దాదాపు సరిగ్గా వస్తుంది: 3/2 అనే సహజ నిష్పత్తికి బదులు 1.498. అంతర గాంధారం మాత్రం 5/4కు బదులు 1.26 అయి, సెమిటోన్‌లో ఏడో వంతు దాకా ఎక్కువ పలుకుతుంది. శ్రుతి చేసిన తంబురాలో మీటకుండానే వినిపించే స్వయంభూ గాంధారాన్ని శ్రద్ధగా విని, వెంటనే కీబోర్డు మీది గాంధారం నొక్కితే తేడా తెలుస్తుంది. క్రోమ్ మ్యూజిక్ ల్యాబ్‌లోని హార్మోనిక్స్ ప్రయోగంలో ఐదో తీగె పలికేది ఆ సహజ గాంధారమే. ఈ కారణంగా కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నవారు శ్రుతి సాధనను కీబోర్డుతో కాక తంబురాతోనే కొనసాగించాలి. కీబోర్డును దూరాల లెక్క చూడడానికి మాత్రమే వాడుకోవాలి.

గమకం సంగతి మరీ స్పష్టం. అదే సైటులోని స్పెక్ట్రోగ్రామ్ తెరిచి, మైక్‌కు అనుమతి ఇచ్చి, ఇ మెట్టు నుంచి తెల్ల మెట్లను మోగిస్తే తెర మీద తిన్నని గీతలు వస్తాయి. తరువాత తోడి గాంధారాన్ని పాడండి, లేదా ఎవరైనా విద్వాంసులు పాడినది వినిపించండి. గీత అలలా ఊగుతూ పక్క స్వరాలను తాకి వస్తుంది. ఫ్రిజియన్ మోడ్‌కూ తోడికీ స్వరస్థానాలు ఒకటే అయినా రెండూ ఒకటి కావన్నది అక్కడ కంటికే కనిపిస్తుంది. పాటను నెమ్మదిగా విని ఈ వివరాలు పరిశీలించాలనుకునేవారు ఆడాసిటీ అనే ఉచిత ప్రోగ్రామ్‌లో చేంజ్ టెంపో వాడితే శ్రుతి మారకుండా వేగం తగ్గుతుంది.

రోజుకు ఇరవై నిమిషాలు చాలు. అందులో సగం గొంతు విప్పి పాడడానికే కేటాయించాలి, ఒక రోజుకు ఒక సైటుకు మించి తెరవకూడదు. ఈ వ్యాసంలో చెప్పినవన్నీ చేతికి వచ్చాక ముందుకు వెళ్లదలచుకున్నవారికి ఓపెన్ మ్యూజిక్ థియరీ అన్న పూర్తి పాఠ్యపుస్తకం ఆన్‌లైన్‌లో ఉచితంగా ఉంది. కళాశాల స్థాయిది గనుక మొదటి అధ్యాయాలను దాటవేసి కార్డ్స్ అధ్యాయాల దగ్గర ప్రవేశించవచ్చు. చదవడానికి అసలైన స్వరలిపులు కావాలంటే 2006లో మొదలైన ఐఎంఎస్ఎల్‌పీ సైటులో కాపీరైటు తీరిన పాశ్చాత్య రచనలు విస్తారంగా దొరుకుతాయి. దించుకునే ముందు ఆ రచన మన దేశంలో కూడా కాపీరైటు తీరినదేనా అని చూసుకుని, మొదటగా ఒకే వాద్యానికి రాసిన, షార్పులూ ఫ్లాట్లూ రెండుకు మించని చిన్న రచనను ఎంచుకోండి.